షాండ్లియర్‌కి ఆకుల దండ: పని ఎందాకా వచ్చిందంటే

హాల్లో ఉన్న ఆరు చేతుల షాండ్లియర్‌కి ఆకుల దండ కడుతున్నాను. దండ ఏడాది పొడుగునా అలాగే ఉంటుంది, రుతువు మారినప్పుడల్లా దానికి వేలాడే వస్తువులు మాత్రం మారతాయి. ప్రతిసారీ అంతా విప్పి మళ్లీ కట్టే ఓపిక నాకు లేదు.

ముందు బల్బులు మార్చాను. పాతకాలం ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో దాదాపు 90 శాతం వేడిగానే పోతుంది. హాలోజన్ అయితే చెప్పనే అక్కర్లేదు, దాని పక్కన కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ ఆకులు పెట్టే మాటే వద్దు. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే, 60 వాట్ల పాత బల్బంత వెలుగు సుమారు 9 వాట్లకే వస్తోంది. అయితే ఎల్‌ఈడీకీ వేడి ఉంటుంది, కాకపోతే గాజు దగ్గర కాదు, అడుగున హోల్డరు వైపు. అక్కడ గాలి ఆడకపోతే బల్బు తొందరగా పోతుంది. అందుకే హోల్డర్ల చుట్టూ నాలుగు వేళ్ల ఎడం వదిలి, చేతుల మీద మాత్రమే దండ చుట్టాను.

నిచ్చెన ఎక్కే ముందు మెయిన్ బోర్డులో ఆ లైను కరెంటు ఆపే మీట, అంటే ఎంసీబీ, దించాలి. గోడ మీది స్విచ్ ఆపి ఊరుకుంటే కుదరదు: వైరింగు తిరగబడి ఉంటే స్విచ్ న్యూట్రల్‌నే, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగనే, ఆపుతుంది, హోల్డర్లో కరెంటు అలాగే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది వంపుల లెక్క. చేతికీ చేతికీ మధ్య 30 సెంటీమీటర్లు ఉంది. 36 సెంటీమీటర్ల దండ వేస్తే మధ్యలో 9 సెంటీమీటర్లు దిగుతుంది. అదే 45 వేస్తే 15 దాకా జారి, కింద కూర్చున్నవాళ్లకి బరువుగా కనిపిస్తుంది. నేను 36 దగ్గరే ఆగాను. ముందు నూలు దారంతో వేసి చూసుకుంటే దండ వృథా కాదు. కట్టడానికి ఆకుపచ్చ సన్నతీగ వాడాను. చివర్లు మడిచి, కరెంటు వైర్ల వైపు పోకుండా బయటికి తిప్పేశాను.

వేలాడేవాటికి నైలాన్ గాలపు దారం. కింద నుంచి చూస్తే దారం కనపడదు, గాజు గోళం గాల్లో ఆగినట్టుంటుంది. ఒక చేతికి ఏది తగిలిస్తే ఎదుటి చేతికీ అంతే బరువుది తగిలించాలి, లేకపోతే షాండ్లియర్ మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. జత జతనీ వంటింటి కాటా మీద తూచుకున్నాను. చెక్క నక్షత్రం కాస్త బరువైనది కాబట్టి దాన్ని ఏ చేతికీ కట్టలేదు, నడిమి కాడకి వేశాను.

మందపాటి వస్తువులు బల్బు కింద ఉంటే టేబుల్ మీద నల్లటి నీడలు పడతాయి. అక్కడ గాజువే పెట్టి, ఎండుకాయలూ గుడ్డపూలూ పైకి జరిపాను. 2,700 కెల్విన్ల పసుపు వెలుగులో ఎరుపు, రాగి రంగులు నిండుగా ఉన్నాయి; 6,500 కెల్విన్ల తెల్లటి వెలుగులో అవే పాలిపోయి కనిపించాయి.

ఇక మిగిలింది దండలో అల్లే చిన్న లైట్ల తీగ. బ్యాటరీదే కొంటాను, కానీ మూతకి స్క్రూ ఉన్నదే. బటన్ సెల్ (గుండ్రటి చిన్న బ్యాటరీ) పిల్లలు మింగితే గొంతు లోపల కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. అది దొరికేదాకా దండ ఇలాగే ఉంటుంది.