పర్లాకిమిడిలో తాత తుపాకీ

"బావా, తాత తుపాకీ కలెక్టర్ అడుగుతున్నాడు" అని పర్లాకిమిడి నుంచి మా మామ కొడుకు ఫోన్లో చెప్పేసరికి నాకు గుండె గుభేలుమంది. లైసెన్సు గొడవేమైనా వచ్చిందేమో అనుకున్నాను. "జిల్లా కలెక్టర్ కాదు బావా, పాత తుపాకులు పోగేసే ఆయన. నువ్వొచ్చి ఓసారి చూసి రేటు చెప్పు" అన్నాడు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల బాగోగులు చూసేవాడిగా, ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. తుపాకీ చూడమంటే కాదనలేను. పెన్ టార్చి, భూతద్దం, మెత్తటి గుడ్డ సంచిలో వేసుకుని ఆమదాలవలసలో గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కాను.

నౌపడా దాటాక బండి నింపాదిగా వెళ్తుంది. చిన్నప్పుడు ఇదే దారిలో రెండున్నర అడుగుల చిన్న పట్టాల బండి ఉండేది. 1900లో పర్లాకిమిడి సంస్థానం వేయించిన లైను అది. ఎత్తు వచ్చిన చోట దిగి నడిచినా మళ్లీ అందుకోవచ్చని మా అమ్మ అనేది. 2011 నుంచీ పెద్ద బండ్లే. టెక్కలి, టెంబూరు, పాతపట్నం వెళ్లాక మహేంద్రతనయ ఏరు వచ్చింది. అవతల ఒడిశా. బోర్డుల మీద ఒడియా అక్షరాలు వచ్చాయి గానీ ప్లాట్‌ఫారం మీద మాటలు మాత్రం అవే, "ఏటి బాబూ, ఆటో కావాలేటి?" 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినా నోళ్లు కలవలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నది ఇక్కడే. ఆయన పట్టుబట్టిన వాడుక భాష ఇప్పటికీ స్టేషన్ బయటే వినబడుతుంది.

ఇంటికి వెళ్లేసరికి అత్త పనసపొట్టు కూర చేసి కూర్చుంది. ఎనభై ఆరేళ్లు. తుపాకీ కథ ఇంకోసారి చెప్పింది. 1919లో రాజావారి వేటలో మా తాత ఒక పెద్దపులిని పడగొట్టాడట. రాజావారు మెచ్చి, చేతిలోని తుపాకీ అక్కడికక్కడే ఇచ్చేశారట. గోడ మీద ఫొటో సాక్ష్యం: తాత, కాళ్ల దగ్గర పులి, చేతిలో తుపాకీ.

బావ బీరువాలోంచి తీసి పట్టుకొచ్చాడు. ఎవరు "ఖాళీదే" అన్నా నేను నమ్మను. లీవర్ కిందికి లాగి, తూటా కూర్చునే చాంబర్లో చిటికెన వేలు పెట్టి చూసుకున్నాకే మిగతా పని.

అమెరికా వించెస్టర్ కంపెనీ 1894 మోడల్. జాన్ బ్రౌనింగ్ డిజైన్. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడియాన్ని, అదే లీవర్‌ని, కిందికి తోసి పైకి లాగితే చాలు, కాలిన తూటా ఖోలు పైనుంచి ఎగిరిపడి కొత్తది లోపలికి వెళ్తుంది. బోర్, అంటే తూటా సైజు, థర్టీ-థర్టీ. తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందుకే దీనికి మొన తేలిన బుల్లెట్లు వాడకూడదు. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కే, అంటే దెబ్బకి అంటుకునే మందు బిళ్లకే, ఆనుకుని ఉంటుంది. దెబ్బ తగిలితే గొట్టంలోనే పేలవచ్చు.

స్క్రూల గాట్లు చూశాను, ఎక్కడా చెదరలేదు. అంటే అడ్డదిడ్డంగా విప్పినవాడు లేడు. ఇనుము మీద కొట్టిన అక్షరాల అంచులు వేలికి ఇంకా తగులుతున్నాయి. ఇనుము మీది నీలిరంగు పూత, బ్లూయింగ్, చాలాచోట్ల పోయి గోధుమ రంగుకు తిరిగింది. పోనీ, అది నిజమైన అరుగుదల. బ్యారెల్లో టార్చి వేస్తే లోపలి మెలి గాళ్లు మధ్యలో బాగున్నాయి, మూతి దగ్గర మాత్రం అరిగిపోయాయి. ఈ రకం తుపాకీని వెనకనుంచి శుభ్రం చేయడం కుదరదు, మూతిలోంచే రాడ్ దూర్చాలి. ఇనప రాడ్‌తో ఏళ్ల తరబడి తోమితే ఇలాగే అవుతుంది. అంత శ్రద్ధగా తోమింది మా మామే అయ్యుంటాడు.

ఇక బట్, భుజానికి ఆనించే కర్ర. తళతళా మెరిసిపోతోంది.

"ఇదేటి?" అన్నాను.

"గృహప్రవేశానికి కార్పెంటరు చేత గరుకు కాగితం పట్టించి, వార్నిష్ కొట్టించాను బావా. బాగుంది కదా?"

కొత్త తుపాకీలో కర్ర, దాన్ని తాకే ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ గోరుతో రాస్తే ఇనుము అంచు తగులుతోంది. కర్ర దిగిపోయింది. కలెక్టరు కూడా ముందు ఇక్కడే గోరు పెడతాడు. సోఫాకి వేసే వార్నిష్‌తో వేలకు వేలు పోగొట్టావని బావకి చెప్పాను. ముఖం చిన్నబోయింది.

తర్వాత తిరగేసి, రిసీవర్, అంటే యంత్రం ఉండే ఇనప పెట్టె, అడుగున ముందువైపు నంబరు చదివాను. పది లక్షల ముప్పై వేలు దాటింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఈ మోడల్లో పది లక్షలవ తుపాకీని 1927లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కి ఇచ్చారు. ఇది దాని తర్వాతది. బ్యారెల్ మీద ఇంకో ముద్ర కూడా ఉంది, "నాట్ ఇంగ్లీష్ మేక్" అని. బయటి దేశం తుపాకుల మీద తుపాకుల్ని పరీక్షించే ఇంగ్లండ్ ప్రూఫ్ హౌస్‌లు ఆ ముద్ర కొట్టడం మొదలైందే 1925లో. 1919లో రాజావారి చేతిలో ఇది ఉండే ప్రసక్తే లేదు.

కంపెనీ పాత రికార్డులు వయోమింగ్‌లోని కోడీ మ్యూజియంలో ఉన్నాయి గానీ, ఈ మోడల్‌కి మూడు లక్షల యాభై మూడు వేల చిల్లర నంబరు వరకే. తుపాకీ వివరాలు రాసిచ్చే ఉత్తరం అక్కడినుంచి తెప్పించే దారీ లేదు.

రేటు సంగతి చెప్పాలి. బావ పది లక్షలని ఎవరో అంటే విన్నాడు. ఈ మోడల్ 70 లక్షలకు పైగా తయారైంది, అరుదైన సరుకు కాదు. 1964లో ఖర్చు తగ్గించడానికి తయారీ మార్చేశారు, అంతకు ముందువాటికే గిరాకీ. ఆ లెక్కన మనది మంచిదే. కానీ కొనేవాడికి లైసెన్సుండాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు. పైగా ఈ తూటా ఇక్కడి షాపుల్లో దొరకదు. కాల్చలేని తుపాకీకి బీరువాలో ఉంచుకునేంత ధరే పలుకుతుంది. పది లక్షల్లో నాలుగో వంతు కూడా రాదన్నాను.

మరి ఫొటో? కుర్చీ వేసుకుని దించి, భూతద్దం పెట్టాను. తాత చేతిలోని తుపాకీ మూతి కెమెరా వైపు కాస్త తిరిగి ఉంది. పక్కపక్కనే రెండు నల్లటి సున్నాలు. జోడునాలి తుపాకీ. అడుగున లీవర్ కూడా లేదు.

బావ నాకేసి చూశాడు, నేను అత్తకేసి చూశాను. ఆవిడ చత్వారం కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో ఒళ్లో పెట్టుకుంది.

"ఆ జోడునాలా? అది మీ అమ్మ పెళ్లికి అమ్మేశారు. బరంపురం నుంచి ఎవరో వచ్చి పట్టుకెళ్లారు. మీ మామ రెండ్రోజులు అన్నం తిన్లేదు. ఇది మీ తాత తర్వాతెప్పుడో కొన్నది. ఇంట్లో ఒక్కటే మిగిలింది కదా, ఇదే అదని చెప్పుకుంటా వచ్చాం."

ఫొటో మళ్లీ గోడకి తగిలించమంది. తగిలించి, బావకి ఒక కాగితం మీద మోడల్, బోరు, నంబరు, 1927 తర్వాతది, బట్‌కి వార్నిష్ అని రాసిచ్చాను. సాయంత్రం బండికి వెళ్తుంటే అత్త పనసపొట్టు పొట్లం చేతిలో పెట్టింది.