డేటన్ వాలు నుంచి ఆక్రన్ వాలు దాకా

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో బర్కార్ట్ కొండ పేరుకే కొండ. ఊరికి తూర్పున ఇళ్ల మధ్య నుంచి దిగే వీధి వాలు అది. కారు పక్కన ఆపి నడిచి దిగితే వాలెంతో మోకాళ్లు చెబుతాయి. 1933 ఆగస్టు 19న 362 మంది పిల్లలు సొంతంగా చేసుకున్న ఇంజను లేని బళ్లతో ఇక్కడికి పందేనికి వచ్చారు. సోప్ బాక్స్ డెర్బీ అనే పందెం అలా మొదలైంది. చూడ్డానికి 40,000 మంది చేరారని లెక్క చెబుతారు.

ఆ వేసవి మొదట్లో పిల్లలు ఇలా బళ్లు వదులుతుంటే డేటన్ డైలీ న్యూస్ ఫొటోగ్రాఫర్ మైరన్ స్కాట్ చూశాడు. ఫొటోలు తీసి, పందెం పెడతాను రమ్మన్నాడు. అవి మాంద్యం రోజులు. సబ్బు పెట్టెలు, పళ్ల పెట్టెల చెక్క, పాత బొమ్మ బళ్ల చక్రాలు, ఏది దొరికితే అదే సామాను. మెకానిక్ షాపులో అరిగిన బేరింగులు అడిగి తెచ్చుకుని మన పిల్లలు చేసుకునే బేరింగు బండిది కూడా ఇదే వరస. ముందు ఇరుసు చెక్కను నడుమ ఒక్క బోల్టు మీద నిలిపి, రెండు కొసలకూ తాడు కట్టి లాగితే బండి తిరుగుతుంది. చెడేదీ అక్కడే. బోల్టు బిగిస్తే చెక్క తిరగదు, వదులు చేస్తే వేగంలో ముందు చక్రాలు వణుకుతాయి. చెక్కకు పైనా కిందా వాషర్లు వేసి, నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తే సగం బాధ తీరుతుంది.

మరుసటి ఏడు షెవర్లే కంపెనీ అండతో 34 ఊళ్ల విజేతలు డేటన్‌కు వచ్చారు. గెలిచిన ఇండియానా రాష్ట్రపు మన్సీ ఊరి కుర్రాడు రాబర్ట్ టర్నర్ తన బండిని సారా దుకాణం బల్ల చెక్కతో చేశాడు.

డేటన్ నుంచి కొలంబస్ మీదుగా ఆక్రన్‌కు కారులో మూడు గంటల పైమాటే. 1935లో పందెం కూడా ఇదే ఊరికి మారింది. ఇక్కడ మంచి వాలులున్నాయి. ఆ ఏడు టాల్‌మడ్జ్ ఎవెన్యూ అనే మామూలు రోడ్డు మీదే నడిపారు. ఒక బండి అదుపు తప్పి, రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్న గ్రాహమ్ మెక్‌నామీని గుద్దేసింది. జనం అంచుల దాకా నిలబడే వీధిలో ఈ పందెం ఇక కుదరదని ఆ దెబ్బతో తేలిపోయిందని మాకనిపిస్తుంది. మరుసటి ఏడాదికే, 1936లో, నిరుద్యోగులకు పని చూపించిన ప్రభుత్వ పథకం కింద విమానాశ్రయం పక్కన డెర్బీ డౌన్స్ ట్రాక్ తయారైంది.

ఇప్పటి పందెం దూరం 989 అడుగులు. ట్రాక్‌కు దగ్గర్లోనే గుడ్‌ఇయర్ కంపెనీ కట్టిన గాలినౌకల (ఎయిర్‌షిప్పుల) షెడ్డు నల్లటి కొండలా ఉంటుంది. దాని పొడవు 1,175 అడుగులు. అంటే పందెం మొత్తం ఆ షెడ్డులో పట్టేస్తుంది!

పైన మూడు వరుసల్లో బళ్లు ముక్కులను ఇనుప పలకలకు ఆనించి నిలబడతాయి. పలకలు ఒక్కసారే కిందికి వాలగానే బళ్లు కదులుతాయి. తోయడానికి వీల్లేదు, ఉన్నదంతా ఎత్తు ఇచ్చే బలమే. అందుకే బరువుకు హద్దు పెట్టారు. గాలి అడ్డును బరువైన బండి ఎక్కువ తట్టుకుంటుంది మరి. ఇప్పుడు బండీ పిల్లా కలిపి స్టాక్ తరగతిలో 200 పౌండ్లు, సూపర్ స్టాక్‌లో 240, మాస్టర్స్‌లో 255 దాటకూడదు. ఆ హద్దులోనే బరువును వెనక్కి జరిపితే లాభం. మొదలయ్యే చోట బండి వాలుగా ఉంటుంది కనుక వెనక బరువు కొంచెం ఎత్తున ఉండి, ఎక్కువ దిగుతుంది. మరీ జరిపితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు పోతుంది.

చక్రం అంచు బరువైతే రెండింతల నష్టం, దాన్ని ముందుకూ తీసుకెళ్లాలి, తిప్పనూ తిప్పాలి. ఇరుసు వంగితే ఒక చక్రం ఒక దిక్కుకు, ఇంకోటి మరో దిక్కుకు ఈడుస్తాయి. కంటికి కనబడదు గానీ రబ్బరు ఒక అంచున అరిగి ఉంటే అనుమానించాల్సింది దాన్నే. అందుకే పిల్లను కూర్చోబెట్టి, బరువు పడ్డాకే ఇరుసు సరిచూడాలి. ఖాళీ బండిలో చూస్తే ఆ వంపు దొరకదు.

దిగేటప్పుడు తల ఎత్తకుండా, స్టీరింగ్ వీలైనంత తక్కువ తిప్పాలి. ప్రతి సవరింపుకూ టైరు రోడ్డును రాసి వేగం తింటుంది. బ్రేకు మాత్రం సూటి పని: పెడల్ తొక్కితే అడుగున రబ్బరు అతికించిన పలక దిగి రోడ్డును రాస్తుంది. ఆ రబ్బరు నున్నగా అరిగిందా లేదా అన్నది ప్రతి పరుగుకు ముందు బండిని పక్కకు వాల్చి చూసుకోవాలి.