తేలడం కంటే ముందు లేవడం

నాకు ఈత వచ్చాక కూడా చాలాకాలం వెల్లకిలా తేలడం రాలేదు. పూల్ ఒక చివర నుంచి రెండో చివరకు ఆగకుండా వెళ్లేదాన్ని, కానీ వెల్లకిలా పడుకోమంటే మాత్రం వల్ల కాదు. ఈదేటప్పుడు కాళ్లకూ చేతులకూ ఏదో ఒక పని ఉంటుంది. తేలడంలో అదీ లేదు. తల వాల్చగానే చెవులు మునిగి బయటి మాటలు వినపడవు, ఎదురుగా పైకప్పు తప్ప ఏమీ కనపడదు. భయపడి మెడ ఎత్తేదాన్ని. మెడ ఎత్తగానే నడుము దిగేది, ఆ వెంటనే ముక్కులోకి నీళ్లు.

"ఒళ్లు వదిలెయ్, అదే తేలుతుంది" అని అందరూ చెప్పేవాళ్లే. భయంగా ఉన్న మనిషికి ఇంతకంటే పనికిరాని సలహా లేదు.

కొత్తగా వచ్చిన కోచ్ తేలడం సంగతే ఎత్తలేదు. "ముందు లేవడం నేర్చుకోండి, పడుకోవడం తర్వాత చూద్దాం" అన్నారు. నాకసలు భయం మునుగుతానని కాదు, వెల్లకిలా ఉన్నదాన్ని మళ్లీ కాళ్ల మీద నిలబడలేనేమోనని. అది ఆయన పట్టేశారు. ఛాతీ లోతు నీళ్లలో, ఆయన నా వీపు కింద చెయ్యి పెట్టి పట్టుకుంటే, నేను లేవడం ఒక్కటే సాధన చేశాను. గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు పొట్ట వైపు ముడిచి, రెండు చేతులతో నీటిని వీపు వెనక నుంచి ముందుకు తొయ్యాలి. నడుము కుర్చీలో కూర్చుంటున్నట్టు కిందికి దిగుతుంది, ఒళ్లు నిటారవుతుంది, అప్పుడు పాదాలు నేలకు ఆనించడమే. ఇది వచ్చేశాక మెడ దానంతటదే వాలింది. చెయ్యి తీసేటప్పుడు కూడా ఆయన చెప్పే తీశారు. చెప్పకుండా తీసేసి "చూశావా, తేలావు!" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఆ తర్వాత కాళ్ల గొడవ మొదలైంది. ఛాతీ తేలేది, కాళ్లు మెల్లగా కిందికి జారేవి. మన ఒంటి సాంద్రత ఇంచుమించు నీటిదంతే. గాలి నిండా పీలిస్తే కాస్త తేలిక, పూర్తిగా వదిలేస్తే చాలామంది మునుగుతారు. ఆ గాలి ఉండేదేమో ఛాతీలో, ఒంటి బరువు కేంద్రమేమో నడుము దగ్గర. అందుకే పైభాగం లేస్తుంది, కాళ్లు దిగుతాయి. చేతుల్ని తల వెనక్కి నీళ్లలోనే చాపితే బరువు కొంత తల వైపు జరిగి కాళ్లు తేలికపడతాయి. చేతులు నీళ్ల పైకి లేస్తే మాత్రం ఆ బరువు మనల్ని ఇంకా ముంచుతుంది. మోకాళ్లు కొంచెం మడిచినా సాయమే.

ఇంత చేసినా నా కాళ్లు పూర్తిగా పైకి రావు, ఏటవాలుగానే ఉంటాను. ఫొటోల్లో కనిపించేలా బల్లపరుపుగా ఉండాలనే పట్టుదల మానేశాను. బ్రిటన్‌లో సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ కూడా నీళ్లలో పడిపోయినవాళ్లకు ఇదే చెబుతుంది: తల వెనక్కి వాల్చి చెవులు మునగనివ్వండి, మామూలుగా ఊపిరి తీసుకోండి, కాళ్లు దిగినా ఫర్వాలేదు.

ఊపిరి విషయంలో నాకు కుదిరిన పద్ధతి: నిండా పీల్చి కాసేపు ఉంచి, కొద్దిగా వదిలి, వెంటనే మళ్లీ పీల్చడం. వదిలినప్పుడు మొహం కాస్త దిగుతుంది. కంగారుపడి మెడ ఎత్తకపోతే, పీల్చగానే తిరిగి లేస్తుంది. ముక్కులోకి నీళ్లు వస్తున్నాయనిపిస్తే సన్నగా కూనిరాగం తీస్తాను, గాలి బయటికి వస్తుంటే నీళ్లు లోపలికి రావు.

ఇప్పుడు సాధన చేస్తున్నది బోర్లా ఈదుతూ మధ్యలో వెల్లకిలా తిరగడం. కుడివైపు తిరగడం వచ్చింది, ఎడమవైపు ఇంకా తడబడుతున్నాను.