నాన్న డీటీపీ కంప్యూటర్‌కి మళ్ళీ డిస్‌ప్లే తెప్పించాను

మా నాన్నది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు... పదిహేనేళ్ళ పని మొత్తం ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది. కోర్ 2 డుయో, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కోసం అను ఫాంట్లు. ఆ ఫైళ్ళు ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగు కావు. ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకే సంక్రాంతికి ఇంటికెళ్ళగానే నాన్న "డిస్‌ప్లే రావట్లేదమ్మా" అంటే గుండె జారిపోయింది. రిపేరు షాపతను అప్పటికే చూసి, లోపలి మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడట.

నేను చదివింది బీకామ్. సీపీయూ మూత ఎప్పుడూ విప్పలేదు. అయినా "ఒకసారి నేను చూస్తా నాన్నా" అన్నాను.

పవర్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మీద 'నో సిగ్నల్' అని వస్తోంది. ఆ మాట చూపిస్తోందంటే మానిటర్‌లో ప్రాణం ఉన్నట్టే. గొడవంతా సీపీయూ వైపునే అనుకుని, ప్లగ్గు పీకేసి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, మూత విప్పాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. పెయింటింగ్ బ్రష్‌తో అంతా దులిపాను. బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు పాడైతే పైభాగం ఉబ్బుతుందని చదివాను కాబట్టి, టార్చి వేసి ఒక్కొక్కటే చూశాను. అన్నీ చదునుగానే ఉన్నాయి.

తర్వాత చేసిన పనే అసలు దారి చూపింది. మెమరీ పట్టీలు, అంటే ర్యామ్‌లు రెండూ తీసేసి, ఖాళీ స్లాట్లతోనే ఆన్ చేశాను. బోర్డు మీదున్న చిన్న బజర్ గట్టిగా, ఆగి ఆగి కూయడం మొదలుపెట్టింది. ర్యామ్ లేదని చెప్పడమది. చెప్పగలుగుతోందంటే బోర్డూ ప్రాసెసరూ పనిచేస్తున్నట్టే కదా! ఐదు నిమిషాల పరీక్ష. షాపతను అది చెయ్యకుండానే బోర్డు పోయిందని నాన్నని అంత కంగారు పెట్టినందుకు చాలా బాధేసింది.

ర్యామ్ అంచున బంగారు రంగులో ఉండాల్సిన గీతలు నల్లబడిపోయాయి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాను. మెరుపు వచ్చాక రబ్బరు పొట్టు దులిపి, గాడి చూసుకుని, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాను. ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూడాలి. మొదటిదానికి ఏమీ రాలేదు. రెండోదానికి ఒక్క చిన్న బీప్, ఆ వెంటనే తెర మీద అక్షరాలు! "నాన్నా, వచ్చింది!" అని అరిచాను.

తారీఖు మాత్రం 2009 చూపిస్తోంది. కంప్యూటర్ ఆపినా తారీఖు గుర్తుంచుకునేలా చేసే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. వాచీల షాపులో సీఆర్2032 తెచ్చి మార్చి, తారీఖు సరిచేశాను. ఎక్స్‌పీ తెరుచుకుంది కానీ తెల్లగా ఉండాల్సినవన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగుల సంగతి పక్కన పెట్టి, ముందు ఫైళ్ళూ ఫాంట్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. పాత మిషను మళ్ళీ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు.

కాపీ అయ్యాక నాన్న కుర్చీలో కూర్చుని, 2012 నాటి అక్క శుభలేఖ తెరిచారు. అంచు చుట్టూ ఉన్న మామిడాకులు నల్లగా కనిపిస్తున్నాయి. ఆకుపచ్చ రంగు ఒక్కటే రావట్లేదన్నమాట. సీపీయూ నుంచి మానిటర్‌కి బొమ్మని మోసే వీజీఏ కేబుల్ పీకి చూశాను. మధ్య వరసలో ఒక పిన్నే లేదు! భయమేసింది. కానీ ఆ తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్ళలో మొదటినుంచీ ఉండదట. అసలు దోషం పై వరసలో ఉంది. ఆకుపచ్చని మోసే రెండో పిన్ను పక్కకి వంగి పడుకుంది. సూది మొనతో వెంట్రుకవాసి చొప్పున లేపి నిలబెట్టాను. విరిగితే కేబుల్ మార్చుకోవాల్సిందే కాబట్టి ఊపిరి బిగబట్టే చేశాను.

కేబుల్ బిగించి స్క్రూలు తిప్పుతుంటే తెర ఒక్కసారి మిణుకుమంది. మామిడాకులు ఆకుపచ్చగా వచ్చాయి. నాన్న కళ్ళజోడు సవరించుకుని "అక్క పేరు పక్కన చుక్క ఎక్కువ పడిందే, అప్పుడు చూసుకోలేదు" అంటూ మౌసు అందుకున్నారు.