ఒడిశా పర్లాకిమిడిలో పిల్లలకి కోడింగ్ చెప్పడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం మా క్లాసు పిల్లల యాప్ కిరాణా కొట్టు పిన్ని ఫోన్‌లోకి ఎక్కింది. సంతోషమే, కానీ అనుమతి కోసం తిప్పిన ఆఫీసు మీద మంట ఇంకా చల్లారలేదు.

ప్లస్ టూ ఒకేషనల్ పిల్లలకి ఇన్నాళ్లూ బోర్డు మీద సీ భాషలో ప్రోగ్రాములు రాస్తే బట్టీ పట్టేవారు. ఈసారి డిజైన్ థింకింగ్ పట్టుకున్నాను. ముందు ఒక మనిషి కష్టం వినాలి, అసలు సమస్యేదో తేల్చాలి, ఉపాయాలు ఆలోచించాలి, నమూనా చేసి ఆ మనిషి చేతిలోనే పెట్టి చూడాలి.

వినాలంటే బజారుకి వెళ్లాలి, వెళ్లాలంటే అనుమతి కావాలి. ఇంగ్లీషులో రాసిన దరఖాస్తు వెనక్కొచ్చింది. ఒడియాలో నేనే రాసి ఇచ్చాను. ఆ ఆఫీసు గుమాస్తా నా తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, నాతో వచ్చిన ముగ్గురు పిల్లల ముందే పైకి చదివి నవ్వాడు. "కంప్యూటర్ మాస్టారికి సంతలో ఏం పని?" అన్నాడు. పిల్లలు తల దించుకున్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడే ఊరు మాది. తప్పుంటే దిద్దాలి గానీ పిల్లల ముందు మాస్టారి పరువు తీస్తారా?

మూడోసారి నా విద్యార్థిని ఒకమ్మాయి చక్కటి ఒడియాలో రాసిపెట్టింది. మాట్లాడకుండా సంతకం పడింది. నాలాంటి మాస్టార్లకి ఒక మాట: ఇలాంటి దరఖాస్తు మీరు రాసేటప్పుడు డిజైన్ థింకింగ్ అన్న మాటే ఎత్తకండి. వేరియబుల్ (ప్రోగ్రాములో విలువ దాచుకునే పేరు), లిస్ట్, కండిషన్ అని సిలబస్ మాటలే రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోకుండా కదలకండి.

తర్వాతదంతా సులువే. పిన్ని బాధ అరువు పద్దు. కాగితం మీద బటన్లు గీసిస్తే వేలితో నొక్కి చూపించింది, అంకెలు పెద్దవిగా కావాలంది. కోడ్ టైపు చేయకుండా తెర మీద బ్లాకులు పేర్చి యాప్‌లు కట్టే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో పిల్లలు దాన్ని చేశారు.

200, 80, 60 నొక్కింది పిన్ని. "నా పుస్తకంలో 340 ఉంది, మీ ఫోన్లో 60 ఏంటే?" అంది. దరఖాస్తు రాసిన అమ్మాయే పట్టుకుంది: మొత్తాన్ని సున్నా చేసే బ్లాకు బటన్ లోపలుంది, నొక్కినప్పుడల్లా పాత లెక్క చెరిగిపోతోంది. బయటికి లాగింది, 340 వచ్చింది. వేరియబుల్‌కి మొదటి విలువ ఎక్కడివ్వాలో ఆ పిల్ల ఇక జన్మలో మర్చిపోదు. బోర్డు మీద నేను నెల రోజులు చెప్పినా ఎక్కని పాఠం అది.

ఈ పొద్దున్న యాప్ మళ్లీ తెరిస్తే పద్దంతా ఖాళీ. "మూసేసినా లెక్క ఉండాలంటే ఎలా సార్?" అని వాళ్లే అడిగారు. రేపు, లెక్కని ఫోన్‌లోనే దాచిపెట్టే టైనీడీబీ మొదలుపెడుతున్నాను.