మాట్లాడే పరీక్ష

దసరా సెలవులు ముగిసి పిల్లలందరూ హాస్టళ్లకు తిరిగి వచ్చారు. మొదటి సంవత్సరం బీటెక్ వాళ్లకు ఇంగ్లీషు స్థాయి పరీక్షలో చివరి భాగం ఈ రోజు మొదలైంది. సెలవులకు ముందే రాత పరీక్ష, విని జవాబు రాసే పరీక్ష అయిపోయాయి. మిగిలింది మాట్లాడే పరీక్ష. ఈ మూడూ చూసి ఎవరిని బ్రిడ్జి కోర్సులో చేర్చాలో, ఎవరిని నేరుగా సెమిస్టర్ పాఠాల్లోకి పంపాలో ఇంగ్లీషు చెప్పే మేము నిర్ణయించాలి. బ్రిడ్జి కోర్సు క్లాసులు సాయంత్రం పూట జరుగుతాయి. అవసరం లేనివాళ్లను అక్కడ కూర్చోబెడితే ఆడుకునే వేళ, చదువుకునే వేళ రెండూ పోతాయి. అవసరం ఉన్నవాళ్లను వదిలేస్తే ఇంజనీరింగ్ పుస్తకాల ముందు ఏడాదంతా బిక్కుబిక్కుమంటూ గడుపుతారు. ఒక్క నంబరు మీద ఇంత ఆధారపడి ఉంది కాబట్టి రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మా ల్యాబ్ పక్కనున్న చిన్న గదిలో పరీక్ష పెట్టాం. ఒకరు ప్రశ్నలు అడుగుతారు, ఇంకొకరు కాస్త దూరంగా కూర్చుని మార్కులు వేస్తారు, మాటలన్నీ రికార్డవుతాయి. అడిగేవాళ్లే మార్కులూ వేస్తే, తరువాత ఏం అడగాలా అన్న ఆలోచనలో పిల్లల మాటలు సగం చెవికెక్కవని నా అనుభవం. అందుకే ఇలా ఇద్దరు ఉండాలని పట్టుబట్టాను.

లోపలికి వచ్చినవాళ్లలో చాలామంది కూర్చోగానే, నేను నోరు తెరవకముందే, స్వపరిచయం అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఊరు, నాన్న చేసే పని, పదో తరగతిలో వచ్చిన మార్కులు, తన బలం సానుకూల దృక్పథం, బలహీనత అందరినీ తొందరగా నమ్మడం, అభిరుచి పాటలు వినడం. ఒకరి తరువాత ఒకరు అవే వాక్యాలు, అదే వరసలో. ప్లేస్‌మెంట్ శిక్షణ పేరుతో ఎవరో రాసిచ్చిన పేరా అది. పిల్లలను తప్పుపట్టను. ఇంగ్లీషులో మాట్లాడటమంటే ఇదేనని వాళ్లకు చెప్పిన పెద్దవాళ్లం మనమే. కానీ ఆ పేరా విని మార్కులు వేస్తే మనం కొలిచింది జ్ఞాపకశక్తిని. అందుకని పాటల దగ్గరికి రాగానే ఆపి, ఈ మధ్య ఏ పాట విన్నావు, అది నీకెందుకు నచ్చింది అని అడిగాను. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. కొందరు నవ్వి, కాస్త తడుముకుని, తమ సొంత మాటల్లోకి దిగారు. కొందరికి గొంతు పెగల్లేదు.

విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే భాగాన్ని 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలుగా పెట్టడంలో ఉన్న ఉద్దేశం ఇలాంటి రోజున బాగా అర్థమవుతుంది. ఇల్లు, చదువు గురించి తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి, తరువాత ఒక కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. చివర అదే విషయం మీద లోతైన చర్చ ఉంటుంది. బట్టీ పట్టిన సరుకు మొదటి భాగంలోనే ఖర్చయిపోతుంది. మాకు అంత సమయం లేదు. సెక్షన్లు ఎక్కువ, మేము తక్కువ. ఉన్న కాసిన్ని నిమిషాల్లో ఒక కార్డు, దాని మీద రెండు మూడు అనుబంధ ప్రశ్నలు. మన కాలేజీల్లో జామ్ అని నిమిషం పాటు మాట్లాడించే ఆట ఒకటి ఉంది కదా, పరీక్షగా దాన్నే పెట్టమని కొందరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. అవతలి మనిషి లేకుండా గాలిలోకి మాట్లాడించడం నాకు సమ్మతం కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సీనియర్ సార్ ఒకరు తన మనసులో మాట చెప్పారు. "ఎందుకు మేడం ఇంత శ్రమ? బిట్ పేపర్ ఒక్కటే పెడితే అరగంటలో యంత్రం దిద్దేస్తుంది. ఎవరికి ఎంత వచ్చో తేలిపోతుంది కదా" అన్నారు. ఆయన కష్టం నాకు తెలుసు. పొద్దున నుంచి విని విని ఆయన చెవులు అలసిపోయాయి. పైగా ఆ మాట ఆయన ఒక్కరిదే కాదు. అమెరికా చదువులకు వెళ్లేవాళ్లు రాసే టోఫెల్ 1964లో మొదలైతే, 2005లో ఇంటర్నెట్ పరీక్ష వచ్చేదాకా ఆ ప్రధాన పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. ఎక్కువగా నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం మీదే తరాల తరబడి వేలమంది వెళ్లారు. అంతకన్నా ముందే, 1913లో, కేంబ్రిడ్జి వాళ్లు మొదలుపెట్టిన పరీక్షలో మాత్రం అనువాదం, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రంతో పాటు డిక్టేషన్, చదివి వినిపించడం, సంభాషణ కూడా ఉన్నాయి. మొత్తం 12 గంటల పరీక్ష. ఆ ఏడాది ముగ్గురు రాస్తే ముగ్గురూ తప్పారు. అంత భారం పెట్టమని నేను అనడం లేదు. కానీ సెలవులకు ముందు రాసిన బిట్ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్న అబ్బాయి ఒకడు ఈ ఉదయమే ఒక్క పూర్తి వాక్యం చెప్పలేక ఏడుపు ఆపుకున్నాడు. సరైన ప్రిపొజిషన్‌ను నాలుగింటిలో గుర్తుపట్టడం ఒకటి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు దాన్ని నోట పలికించడం మరొకటి. ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో తెలియకుండా ఆ అబ్బాయిని నేరుగా సెమిస్టర్ పాఠాల్లోకి పంపితే తప్పు మాది అవుతుందని సార్‌తో అన్నాను. ఆయన కాదనలేదు.

ఏది పరీక్షిస్తే అదే బోధిస్తారన్నది ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మే విషయం. తెలంగాణలో ఇంటర్ ఇంగ్లీషుకు 2023-24 నుంచి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. అవి అన్నిచోట్లా ఒకేలా జరుగుతున్నాయని అనను. అయినా పిల్లలను ఇంగ్లీషులో నోరు తెరిపించే పని కాలేజీ టైంటేబుల్‌లోకి వచ్చిందంటే అదే పెద్ద మార్పు. మా తరంలో ఇంటర్ అయ్యేదాకా ఇంగ్లీషు కాగితం మీదే ఉండేది.

భోజనం తరువాత వచ్చిన ఒక అమ్మాయి గురించి వివరంగా రాసుకోవాలి. పదో తరగతి దాకా ఊళ్లో సర్కారు బడి, ఇంటర్ కూడా తెలుగు మాధ్యమమే. ఆమెకు వచ్చిన కార్డు విమాన ప్రయాణం గురించి. ఎక్కితే ఎలా అనిపించింది, ఎక్కకపోతే ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నావు అని దాని మీద ఉంది. నిమిషం గడిచింది, ఒక్క మాట రాలేదు. కళ్లు బల్ల మీదే ఉన్నాయి. సెలవుల్లో ఏం చేశావమ్మా అని ఇంగ్లీషులోనే నెమ్మదిగా అడిగాను. పత్తి ఏరామని చెప్పింది. ఏరిన పత్తిని ఏం చేశారు అన్నాను. అక్కడి నుంచి ఆ పిల్ల ఆగలేదు. వానలు పడ్డాయి కాబట్టి పత్తి తడిసింది, కొనుగోలు కేంద్రంలో యంత్రం పెట్టి తేమ చూస్తారు, 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు కొనరు, అందుకని వాకిట్లో ఆరబోశాం, నాన్నకు డబ్బు తొందరగా కావాలి కాబట్టి కొంత పత్తి వ్యాపారికి తక్కువకు అమ్మాడు, మిగతాది ఎండాక తీసుకెళ్తాం. ఇదంతా ఇంగ్లీషులో చెప్పింది. జరిగిపోయినవాటిని కూడా వర్తమాన కాలంలోనే చెప్పింది. క్రియల చివర రావలసిన 'ఎస్' ఎక్కడా పలకలేదు. తేమకు మాట తెలియక నీళ్లు అంది. కానీ ఎందుకు జరిగింది, తరువాత ఏమైంది, అలా కాకపోతే ఏమవుతుంది అన్న మూడూ ఆమె మాటల్లో తెగకుండా నడిచాయి.

భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్‌ఆర్ కొలమానంలో అట్టడుగున ఏ1 నుంచి పైన సీ2 వరకు ఆరు మెట్లు (ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2) ఉన్నాయి. మేము మార్కుల పట్టికకు దాన్నే ఆధారం చేసుకున్నాం. తనకు తెలిసిన విషయాలను సరళంగా కలిపి చెప్పడం, కారణాలు క్లుప్తంగా వివరించడం అందులో బీ1 లక్షణాలు. వ్యాకరణంలో ఆ అమ్మాయి ఏ2 దాటలేదు, విషయాన్ని నడిపించడంలో మాత్రం బీ1లో ఉంది. విమానం కార్డు దగ్గరే ఆపేసి ఉంటే ఆమెకు ఏ1 కూడా దక్కేది కాదు. అప్పుడు మేము ఆమె భాషను కాదు, విమానం ఎక్కే స్థోమతను కొలిచినవాళ్లం అయ్యేవాళ్లం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ల జీవితం ప్రశ్నల్లోకి తెలియకుండానే వచ్చేస్తుంది. రెస్టారెంటు, సముద్రతీరంలో సెలవులు, షాపింగ్ మాల్. హన్మకొండ దాటి వెళ్లని పిల్లలు వీటి మీద అబద్ధమైనా ఆడాలి, మౌనంగానైనా ఉండాలి.

జాలితో మార్కులు వేయాలని నేను అనడం లేదు. ఆ తరువాత వచ్చిన ఒక అబ్బాయి చలాకీగా, గట్టి గొంతుతో మాట్లాడాడు. కాలేజీకి రావడానికి ఎంతసేపు పడుతుందంటే బస్సులో వస్తాను అన్నాడు. ఎందుకు ఈ బ్రాంచి తీసుకున్నావంటే బ్రాంచి పేరు చెప్పాడు. ప్రశ్నలో ఒక మాట పట్టుకుని మిగతాది ఊహించుకుంటున్నాడు. వినికిడి పరీక్షలోనూ అతనికి మార్కులు చాలా తక్కువ వచ్చాయి. అతన్ని బ్రిడ్జి కోర్సులో తప్పకుండా చేర్చాలి, అందులోనూ వినడం మీద ఎక్కువ పని చేయించాలి. ఇంకో అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. చక్కగా, ఆలోచించి, ఎదుటివారి మాటకు మాట కలుపుతూ మాట్లాడింది. ఆమెకు ఇవ్వవలసిన మార్కులు సంతోషంగా ఇచ్చాం.

సాయంత్రం రికార్డింగులు మళ్లీ విన్నాం. నాకూ సార్‌కూ పత్తి అమ్మాయి దగ్గర తేడా వచ్చింది. ఆమె 'జెడ్' ధ్వనిని 'జ' అంటోంది, మాటల చివర అచ్చు చేరుస్తోంది, 'వీ'కీ 'డబ్ల్యూ'కీ తేడా లేదు, కాబట్టి ఉచ్చారణలో అట్టడుగు మార్కే అన్నారు సార్. నేను ఒప్పుకోలేకపోయాను. ఇవన్నీ తెలుగు నోటి నుంచి సహజంగా వచ్చేవే. ఆమె చెప్పింది మాకు మొదటిసారే పూర్తిగా అర్థమైంది. సీఈఎఫ్‌ఆర్‌కు 2018లో వచ్చిన అనుబంధ గ్రంథంలో ఉచ్చారణ కొలతను తిరగరాసి, మాతృభాషీయుల యాసను కాక వినేవారికి అర్థమవుతోందా లేదా అన్నదాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ పుట సార్ ముందు పెట్టాను. వేగంగా మాట్లాడాలన్న ఆత్రంలో మాటల చివర్లు మింగేసే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల మాట నిజంగానే అందదు. వాళ్లకు తగ్గిద్దాం అన్నాను. సార్ చాలాసేపు ఆలోచించి, ఆ అమ్మాయి రికార్డింగు మళ్లీ పెట్టమన్నారు. ఈసారి కళ్లు మూసుకుని విన్నారు. ఉచ్చారణకు ఒక మెట్టు పెంచారు. వ్యాకరణం మార్కు మాత్రం మార్చలేదు. అది న్యాయమే.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. రేపు కంపెనీలు పెట్టే పరీక్షలో మనలా ఎవరూ ఆగి పత్తి గురించి అడగరు కదా అని. నిజమే. ఉద్యోగాల కోసం కంపెనీలు పెట్టే వర్సంట్ లాంటి ఇంగ్లీషు పరీక్షల్లో వినేది, మార్కులు వేసేది యంత్రమే. అందులో వాక్యం విని తిరిగి చెప్పే భాగం ఒకటి ఉంటుంది. అది తెలివైన ఏర్పాటు. పొడవైన వాక్యాన్ని మాట మాటగా గుర్తుపెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, దాని నిర్మాణం తెలిసినవాళ్లే ముక్కలుగా పట్టుకుని తిరిగి చెప్పగలరు. ఆ సాధన మా పిల్లలతోనూ చేయించాలి. కానీ కంపెనీ వాళ్లకు కావలసింది వచ్చినవాళ్లలో కొందరిని ఏరుకోవడం. మాకు కావలసింది ఎవరికి ఏం నేర్పాలో తెలుసుకోవడం. పని వేరైనప్పుడు పరీక్ష ఒకటే ఎలా అవుతుంది?

వెళ్లేముందు మా హెచ్‌ఓడీ మేడంకు రెండు విషయాలు రాసి ఇచ్చాను. మొత్తం మార్కు ఒక్కటే కాకుండా వ్యాకరణం, ఉచ్చారణ లాంటి ఒక్కో అంశం మార్కులు విడివిడిగా పిల్లల చేతికివ్వాలి, వాటి కింద ఏం సాధన చేయాలో తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. రెండోది కార్డుల సంగతి. సగం మందికి ఒక రకం, సగం మందికి ఒక రకం పెట్టడం అన్యాయం కాబట్టి ఈ విడతలో కార్డులు మార్చలేం. అయితే కార్డు మీద మాట ఆగిపోయినవాళ్లందరికీ, ఏ సెక్షన్ అయినా సరే, ఇల్లు లేదా పని మీద ఇంకో ప్రశ్న అడగాలన్న నియమం పెట్టుకోవచ్చు. మేడం ఒప్పుకున్నారు. దాంతో ఈ రోజు ఆ అవకాశం రాకుండానే బయటికి వెళ్లిన పిల్లలను మళ్లీ పిలవాల్సి వచ్చింది. బిట్ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుని ఏడుపు ఆపుకున్న అబ్బాయి కూడా వాళ్లలో ఉన్నాడు. జాబితా నోటీసు బోర్డు మీద పెడితే తప్పినవాళ్ల జాబితా అనుకుంటారని, ఎవరి ఫోనుకు వాళ్లకే మెసేజ్ పెట్టాను. రేపు పొద్దున మొదటి పీరియడ్ వాళ్లదే.