బోదకాలు: వేళ్ళ సందుల్లో దొరికిన మందు

గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే ఆ రాత్రికి చలిజ్వరం తప్పదని మా గోదావరి లంకల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకు ఎడమ కాలికి వచ్చేది. మోకాలి కింద చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. జ్వరం దిగిపోయేది గానీ, వచ్చిన ప్రతిసారీ వాపు కొంత మిగిల్చి పోయేది. కుట్టు మిషను తొక్కాల్సిన కాలు అది. పెళ్ళి జాకెట్లు ఒప్పుకోవాలంటేనే భయం.

ఫైలేరియా సిబ్బంది రాత్రి 10 దాటాక వచ్చి రక్తం తీశారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలో బాగా కనిపించేది ఆ వేళలోనేనట. వాటిని ఒకరినుంచి ఒకరికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే. ఆ పురుగుల్ని చంపే డి.ఇ.సి. మాత్రలు 12 రోజులు వేసుకున్నాను. పురుగులు చచ్చినా, అవి పాడుచేసిన శోషరస నాళాలు, అంటే ఒంట్లో చేరే నీటిని తిరిగి రక్తంలోకి తీసుకుపోయే సన్నటి గొట్టాలు, మళ్ళీ మామూలు కావని డాక్టరు దాచకుండా చెప్పారు.

ఆసుపత్రిలో నర్సమ్మ నా వాపు జోలికి పోలేదు. వేళ్ళు విడదీసి చూసింది. తడికి నాని తెల్లబడిన చర్మం, సన్నటి పగుళ్ళు. "అక్కా, మీకు జ్వరం తెస్తున్న క్రిములు దూరేది ఇక్కడినుంచే. ముందు ఈ సందులు ఆరాలి" అంది.

అప్పటినుంచి రోజూ రాత్రి సబ్బుతో, గోరువెచ్చగా కూడా కాని మామూలు నీళ్ళతో కాలు కడుగుతాను. రుద్దను, చేత్తో నిమురుతాను. అసలు పని ఆ తర్వాతే. మెత్తటి పాతచీర గుడ్డను ఒక్కో సందులోకి పోనిచ్చి తడి అద్దుతాను. పగులు కనిపిస్తే ఆయింట్‌మెంటు. చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా వెళ్ళను. పడుకునేటప్పుడు కాలి కింద దిండ్లు, కూర్చున్నప్పుడు చీలమండ కిందికీ పైకీ ఆడించడం.

వాపు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ సాయంత్రానికి బిగుసుకుపోయే కాలు ఇప్పుడు తేలిగ్గా ఉంటోంది. జ్వరాలు అరుదయ్యాయి. పెళ్ళిళ్ళ సీజనంతా మిషను ఆగలేదు.

మా అత్తయ్యకు రెండు కాళ్ళూ బోదకాళ్ళే. ఏ శుభకార్యానికీ వెళ్ళకుండా అరుగు మీదే బతుకు వెళ్ళదీసింది. ఈ సబ్బూ నీళ్ళ సంగతి ఆమెకు ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది. తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఏ బాధా లేనివాళ్ళ ఒంట్లో కూడా ఈ పురుగు ఏళ్ళ తరబడి ఉండగలదు. అందుకే ఊళ్ళో డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు పంచడానికి వచ్చినప్పుడు "మాకెందుకు" అన్న మా అబ్బాయినీ కోడలినీ కూర్చోబెట్టి, అన్నం తిన్నాక నా ఎదుటే మింగించాను.